ఫారంలో జరిగింది, ఇంట్లో జరిగిందా?

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో అసరెల్లి రోడ్డు నుంచి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్లో, ఆశా కార్యకర్త నింపిన ఫారం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆస్పత్రిలో కాన్పయిన బిడ్డను ఇంటికెళ్లి చూడాల్సిన రోజులు ఆరు: 3, 7, 14, 21, 28, 42. ఆరింటికీ టిక్కులున్నాయి. అన్నీ ఒకే నీలం పెన్నుతో, ఒకే వాలులో పడ్డాయి. ఉష్ణోగ్రత గడిలో ఆరుసార్లూ ఒకటే అంకె. నలభై రెండు రోజుల్లో ఒంటి వేడి ఒక పాయింటు కూడా కదలని పసిబిడ్డను నేనింతవరకు చూడలేదు.

ఫారం మూసేసి ఆ ఇంటికి పోయాను. బాలింత లోపల పడుకుని ఉంది. బయట నాయనమ్మ చింతపండు గింజలు తీస్తోంది.

"అవ్వా, ఆశా బాయి వచ్చిందా మీ ఇంటికి?"

"ఎందుకు రాదు బిడ్డా, రెండు మాట్ల వచ్చింది. చేతులు కడుక్కుంది. పిల్ల చంకల పుల్ల వెట్టింది. అది కీ అని మొత్తుకోంగనే తీసింది. గుడ్డల వేసి తూకం పట్టింది."

"తర్వాత?"

"తర్వాత వాగు నిండె. ఎట్లొస్తది?"

ఫారంలో ఆరున్నాయి. ఆరూ అబద్ధమని కొట్టేస్తే సున్నా మిగులుతుంది. అసలు జరిగింది రెండు, అవి చాలా బాగా జరిగాయి. చేతులు కడుక్కోవడం, థర్మామీటరు మోగేదాకా ఆగడం, బిడ్డను గుడ్డ ఉయ్యాలలో వేసి తూచడం, ఇవన్నీ శిక్షణలో నేర్పినవే. ఎప్పుడో ఏడాది కింద నేర్పింది ఆమె మరిచిపోలేదు. నా దగ్గరున్న తనిఖీ పత్రంలో మాత్రం ఈ సంగతి రాయడానికి చోటు లేదు. "ఆరు సందర్శనలు పూర్తయ్యాయా: అవును / కాదు", అంతే.

ఒక సంస్థ తరఫున కొన్నేళ్లు ఇలాంటి తనిఖీలు చేశాను. జనం ఆరోగ్యం కోసమో, తిండి కోసమో, మనసు కుదుటపడడం కోసమో పెట్టిన కార్యక్రమం, రూపొందించినవాళ్లు అనుకున్నట్టుగానే ఇంటి గడపదాకా చేరుతోందా అని చూడడం నా పని. ఈ రంగంలో దీన్ని ఫిడెలిటీ అంటారు. తెలుగులో 'విశ్వసనీయత' అని అనువదిస్తుంటారు గానీ, అది వేరే సంగతి. 'చెప్పింది చెప్పినట్టు' అంటే కొంత దగ్గరగా ఉంటుంది. ఆ మాటలోనూ ఒక చిక్కుంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు, ఇదెందుకు చూడాలి? ఒక కార్యక్రమం పెట్టి మూడేళ్లయినా ఫలితం కనబడలేదనుకోండి. దానికి పూర్తిగా వేర్వేరైన రెండు కారణాలు ఉండొచ్చు. ఆలోచనే తప్పయి ఉండొచ్చు. లేదా ఆలోచన బాగానే ఉండి, అది అసలు జరిగే ఉండకపోవచ్చు. మందు పనిచేయలేదా, రోగి మందు మింగలేదా అన్న తేడా ఇది. ఈ రెంటినీ విడదీయకుండా లెక్క తీస్తే మంచి మందును పారేస్తాం, లేదా పనికిరాని మందును డోసు పెంచి ఇస్తూ పోతాం. ప్రభుత్వ పథకాల సమీక్షల్లో ఈ రెండూ జరుగుతుంటాయి, రెండోది కాస్త ఎక్కువగా.

ఈ ఇంటి సందర్శనల లెక్క ఢిల్లీలో పుట్టింది కాదు. ఈ గడ్చిరోలి జిల్లాలోనే పుట్టింది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్‌ల 'సెర్చ్' సంస్థ 39 ఊళ్లలో స్థానిక మహిళలకు నవజాత శిశువుల సంరక్షణ నేర్పింది. పోలిక కోసం మరో 47 ఊళ్లను ఉన్నవి ఉన్నట్టు ఉంచారు. మూడో ఏడాదికి, పోలిక ఊళ్లతో చూస్తే, పుట్టిన నెలలోపు చనిపోయే పిల్లల రేటు 62 శాతం తగ్గింది. 1999లో లాన్సెట్ పత్రికలో ఇది అచ్చయ్యాక ప్రపంచం గడ్చిరోలి పేరు పలకడం నేర్చుకుంది. 2011లో భారత ప్రభుత్వం ఈ పద్ధతిని ఆశా కార్యకర్తల ద్వారా దేశమంతటికీ తీసుకెళ్లింది. ఇంట్లో కాన్పయితే మొదటి రోజుతో కలిపి ఏడు సందర్శనలు, ఆస్పత్రిలో అయితే ఆరు. అన్నీ పూర్తయితే ఆశాకు 250 రూపాయలు.

ఆ 39 ఊళ్లలో ఉన్నదంతా దేశానికి వెళ్లిందా? వెళ్లలేదు. గడ్చిరోలిలో ఊరి కార్యకర్త ఇన్‌ఫెక్షన్ సోకిన బిడ్డకు తనే ఇంజెక్షన్ ఇచ్చేది. ఆ సూది ఆశాల చేతికి రాలేదు. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి జారిపోయింది. అక్కడ పదిహేను రోజులకోసారి డాక్టరే ఊరికి వచ్చి, కార్యకర్త రాసింది ఇంటికెళ్లి సరిచూసి, తప్పుంటే అక్కడే నేర్పేవాడు. ఇప్పుడు ఆశాల పైన మన దగ్గర గట్ ప్రవర్తక్ అనే పర్యవేక్షకురాలు ఉంటుంది. ఆమె కింద ఊళ్లు చాలా, ఆమెకిచ్చే ప్రయాణ భత్యం తక్కువ, నింపాల్సిన ఫారాలు లెక్కలేనన్ని. సందర్శనల రోజులు అక్షరం పొల్లుపోకుండా కాపీ అయ్యాయి. వాటి వెనక నిలబడ్డ మనిషి కాపీ కాలేదు. పథకం పత్రాల్లో ఇది లోటుగా కనబడదు, ఎందుకంటే పర్యవేక్షణను ఎవరూ 'కార్యక్రమం'గా లెక్కగట్టరు. నా లెక్కలో అది సగం కార్యక్రమం.

ఇందాక చెప్పిన చిక్కు ఇదే. 'చెప్పింది చెప్పినట్టు' అంటే ఏది చెప్పినట్టు? ప్రతి కార్యక్రమంలో ఒక ఎముకల గూడు ఉంటుంది, పైన బట్టలుంటాయి. ఎముక విరిగితే మనిషి పడిపోతాడు. చొక్కా మారిస్తే ఏమీ కాదు. తనిఖీ చేసేవాడికి రెంటి మధ్య తేడా తెలియకపోతే చొక్కా రంగు మారిందని కేసు రాసి, విరిగిన ఎముకకు 'సంతృప్తికరం' అని రాసి వస్తాడు. నేను మొదటి ఏడాదంతా చేసింది అదే.

గుడ్డు సంగతి చెప్తాను. మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో గిరిజన ప్రాంతాల కోసం అమృత్ ఆహార్ పథకం పెట్టింది. గర్భిణికి, బాలింతకు అంగన్‌వాడీలో రోజూ ఒక పూట నిండు భోజనం. చపాతీనో భాకరో, అన్నం, పప్పు, ఆకుకూర, పల్లీ-బెల్లం లడ్డు, గుడ్డో అరటిపండో. దాని ఉద్దేశం 'తిండి పంచడం' కాదు. ఆ తల్లి కడుపులోకి ఒక పూట నిండుగా పోవడం. 2013 ఆహార భద్రత చట్టం గర్భిణికి, బాలింతకు 600 కేలరీలు, 18 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులు అందాలని అంకెలతో సహా రాసింది. అంకె తల్లి పేరు మీదుంది, ఇంటి పేరు మీద కాదు. అందుకే అక్కడే కూర్చుని తినమంటారు.

ఒక అంగన్‌వాడీలో రిజిస్టర్ అద్దంలా ఉంది. వంట సరిగ్గా పన్నెండున్నరకు దిగింది. గుడ్ల అట్టలు లెక్కపెట్టాను, సరిపోయాయి. కానీ తల్లులెవరూ కూర్చోలేదు. స్టీలు టిఫిన్లు తెచ్చి నింపించుకుపోయారు. ఒకామె వెనకే వాళ్లింటికి వెళ్లాను. ఎనిమిదో నెల. అత్త, ఆడబిడ్డ, నాలుగేళ్ల కొడుకు అప్పటికే పీటల ముందున్నారు. ఆమె ఉడికిన గుడ్డు తీసి, దారం ఒక కొస పళ్లతో పట్టుకుని, రెండో కొస వేలికి చుట్టి, గుడ్డును నాలుగు చేసింది. ఎంత సమంగా కోసిందంటే పచ్చసొన కూడా నాలుగు పాళ్లయింది. అది ఆమె రోజూ చేసే పనేనని ఆ చెయ్యి చూస్తేనే తెలిసింది. రిజిస్టర్‌లో ఒక గుడ్డు. ఆమె వంతు పావు గుడ్డు. ఇందులో ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరూ ఏమీ తినేయలేదు. డోసు మాత్రం నాలుగో వంతుకు పడిపోయింది.

అక్కడికి కొద్ది దూరంలోనే ఇంకో ఊరు. అక్కడి అంగన్‌వాడీ సేవిక భోజనాన్ని పొద్దున ఎనిమిదికే పెట్టేస్తోంది. నాట్ల రోజులు. పన్నెండున్నరకు పెడితే ఎవరూ రారు, అందరూ పొలంలో ఉంటారు. పొద్దున్నే వచ్చి, కూర్చుని తిని, అటు నుంచి అటే పనికి పోతున్నారు. నా తనిఖీ పత్రం ప్రకారం ఆమెకు 'సమయపాలన'లో సున్నా. టిఫిన్ల ఊరికి పూర్తి మార్కులు. ఆ రోజు రాత్రి లాడ్జిలో ఆ రెండు పత్రాలు పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. సిగ్గేసింది, నిజం చెప్పాలంటే.

ఎముక ఏదో పత్రం చెప్పదు, మనమే అడగాలి: ఈ పని వల్ల ఆ మనిషిలో ఏం మారాలని అనుకున్నారు, ఆ మార్పు ఏ మెట్టు మీద ఆధారపడింది? అమృత్ ఆహార్‌లో ఆ మెట్టు 'తల్లి నోటిదాకా'. గంట ఎంతయిందన్నది బట్ట. మిర్చి ఏరడానికి కుటుంబాలు గోదావరి దాటి తెలంగాణకు పోయే నెలల్లో అయితే వంటకం నాణ్యత ఎంత బాగున్నా లాభం లేదు, తినాల్సిన మనిషే ఊళ్లో ఉండదు. అప్పుడు చూడాల్సింది వంట కాదు, ఎవరెవరు ఎన్ని రోజులు దక్కించుకున్నారన్నది.

భాష కూడా ఇలాంటిదే. సిరోంచ వైపు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, లోపలి ఊళ్లలో మాడియా. సమావేశాల్లో చూపించే బొమ్మల కార్డుల మీద రాత మరాఠీలో వస్తుంది. దాన్ని ఉన్నదున్నట్టు చదివే సేవికను పద్ధతి ప్రకారం చేసిందని మెచ్చుకోవడం ఎంత తెలివితక్కువో చెప్పనక్కర్లేదు. ఒక ఊళ్లో సేవిక కార్డును బోర్లా పెట్టి, "గీ బొమ్మల పొల్ల ఎందుకు ఏడుస్తున్నట్టు?" అని తెలుగులో అడిగింది. కార్డు మీది వాక్యం ఒక్కటీ చదవలేదు. ఐదు నిమిషాల్లో నలుగురు ఆడవాళ్లు నాలుగు కథలు చెప్పారు. కార్డు గీసినవాళ్లు కోరుకున్నది అదే.

మహిళా సంఘాల సమావేశాల విషయంలో దీనికి గట్టి ఆధారమే ఉంది. ఏక్‌జుట్ అనే సంస్థ జార్ఖండ్‌లోని రెండు జిల్లాల్లో, ఒడిశాలోని కేంఝర్‌లో ఊరి మహిళలతో వరసగా సమావేశాలు నడిపింది. వాళ్లే తమ కష్టాలు గుర్తించి, ఏం చేయాలో వాళ్లే తేల్చుకుని, చేసి, చివర్లో వాళ్లే లెక్క చూసుకునేలా. 2010లో అచ్చయిన ఫలితాల ప్రకారం మూడేళ్లలో నవజాత శిశు మరణాలు 32 శాతం తగ్గాయి. రెండు, మూడు సంవత్సరాలను విడిగా చూస్తే 45 శాతం. మూడో ఏడాదిలో తల్లుల్లో మధ్యస్థ స్థాయి డిప్రెషన్ కూడా సగానికి పైగా తగ్గింది. ఆ సమావేశాల్లో ఎవరూ డిప్రెషన్‌కు వైద్యం చేయలేదు, నలుగురు కూర్చుని మాట్లాడుకున్నారంతే. ఈ నమూనా ప్రభుత్వాల చేతికి వచ్చాక 'సమావేశాల సంఖ్య'గా మారితే ఏం మిగులుతుంది? మా దగ్గర ఒక సమావేశంలో గడియారం పెట్టుకుని కూర్చున్నాను. నలభై నిమిషాల్లో ముప్పై ఏడు నిమిషాలు నడిపించే ఆమే మాట్లాడింది. హాజరు పట్టీలో ఇరవై రెండు సంతకాలు, కొన్ని వేలిముద్రలు. సమావేశం జరిగింది. కార్యక్రమం జరగలేదు.

ఈ పని మీద రాసేవాళ్లు సాధారణంగా చూడాల్సిన వాటిని ఐదుగా చెప్తారు: చేయాల్సింది చేశారా, ఎంత చేశారు, ఎంత బాగా చేశారు, అవతలివాళ్లు దాన్ని ఎలా అందుకున్నారు, ఇది లేకపోయినా ఉండేదానికీ దీనికీ తేడా ఏమిటి. మొదటి రెండూ రిజిస్టర్‌లో దొరుకుతాయి కాబట్టి అందరూ వాటినే చూస్తారు. మూడోది, నాలుగోది చూడాలంటే అక్కడ కూర్చోవాలి.

కూర్చుంటే ఇంకో ఇబ్బంది. మనం కూర్చున్నప్పుడు జరిగేది మనం లేనప్పుడు జరగదు. మొదటిసారి పోయిన రోజు ప్రతి సేవికా కొత్త చీర కట్టుకుంటుంది. మూడోసారికి మామూలవుతుంది. అందుకే ఒక్కసారి పోయి వచ్చిన తనిఖీని నేను నమ్మను. చెప్పకుండా దిగబడడం కూడా మందేమీ కాదు, దానివల్ల నిజం తక్కువ, భయం ఎక్కువ దొరుకుతుంది.

యాప్‌లు వచ్చాయిగా అంటారు. 2021 నుంచి పోషణ్ ట్రాకర్ ఉంది. ఎవరిని తూచారు, ఎవరికి పెట్టారు అన్నీ ఫోన్‌లోకి ఎక్కాలి. దాని వల్ల కాగితం తగ్గిందో లేదో ఏ సేవికనైనా అడగండి, నవ్వుతుంది. నది ఒడ్డు ఊళ్లలో ఫోన్‌కు ఒక్కోసారి అవతలి ఒడ్డు టవరే దొరుకుతుంది. లోపలి ఊళ్లలో అదీ ఉండదు. సిగ్నల్ ఉన్న గుట్ట మీదికెక్కి రోజంతటి లెక్క ఒకేసారి ఎక్కించిన సేవికలను చూశాను. యాప్‌లో సమయం సాయంత్రం ఆరు అని ఉంటుంది, తూకం పొద్దున వేసింది. యాప్ 'నమోదైంది' అని చెప్పగలదు. 'కీ అని మొత్తుకునేదాకా ఆగింది' అని చెప్పలేదు.

నాకు పనికొచ్చినవి చిన్న చిట్కాలే. ఇంట్లోవాళ్లను "వచ్చిందా?" అని అడిగితే "వచ్చింది" అంటారు, ఊరి మనిషి కదా, ఎందుకు పట్టిస్తారు. "వచ్చి ఏం చేసింది?" అంటే కథ వస్తుంది. ఆ 'కీ' శబ్దం కల్పించి చెప్పేది కాదు. ఊపిరి లెక్క గురించి అడిగినప్పుడు "పిల్ల పొట్ట దిక్కే చూసుకుంట గడియారం పట్టుకొని కూసుంది, మాట్లాడితే ఊకోమంది" అన్నారంటే నిండా నిమిషం లెక్కపెట్టిందన్నమాట. నిమిషానికి 60, అంతకంటే ఎక్కువ ఉంటే బిడ్డకు ప్రమాదం. పావు నిమిషం చూసి నాలుగుతో గుణిస్తే ఆ లెక్క తప్పుతుంది.

ఏ ఇళ్లకు పోవాలన్నది ఇంకో సంగతి. జీపు ఆగిన చోట దగ్గరున్న ఇళ్లలో అన్నీ అందుతాయి. ఊరి నుంచి విడిపోయిన టోలా (చిన్న వాడ) సంగతి వేరు. అందుకే చీటీలు తీయాలి. ఫ్యాక్టరీలో సరుకు నాణ్యత పరీక్షించే పద్ధతి ఒకటి ఆరోగ్యరంగంలోకి వచ్చింది: ఒక పర్యవేక్షకురాలి పరిధిలో చీటీ తీసి 19 ఇళ్లు ఎంచుకోవడం. 80 శాతం ఇళ్లకు సేవ అందాలన్నది లక్ష్యమైతే 19లో 13 ఇళ్లకు అందితే ఆ పరిధి ఫరవాలేదు, 12కు పడితే దాని మీద దృష్టి పెట్టాలి. 19లో 80 శాతమంటే 15 కదా, 13 ఎందుకంటారా? చీటీలో అదృష్టం ఆడే ఆటకు ఆ రెండిళ్లు వదిలేస్తారు. ఇది శాతాలు చెప్పదు. మన బండి ముందు ఎటు తిరగాలో చెప్తుంది. పదిమంది తిరిగే సర్వే అక్కర్లేదు, ఒక మనిషి రెండు రోజుల్లో చేయగలదు.

మనసుకు సంబంధించిన కార్యక్రమాల్లో చాటుగా వినడం కుదరదు. గోవాలో సంగాత్ సంస్థ డాక్టర్లు కాని మామూలు మనుషులకు కౌన్సెలింగ్ నేర్పినప్పుడు, అవతలి మనిషి ఒప్పుకుంటే మాటలు రికార్డు చేసి, తోటి కౌన్సెలర్లే కలిసి కూర్చుని విని, ఒకరి పనికి ఒకరు మార్కులు వేసుకునేవాళ్లు. పైనుంచి వచ్చే ఇన్‌స్పెక్టర్ కంటే పక్క ఊరి సహోద్యోగి దగ్గర మనిషి ఎక్కువ నిజం ఒప్పుకుంటుంది. ఈ ఒక్కటి మా దగ్గర పెట్టించడానికి నేను చాలా ప్రయత్నించి ఓడిపోయాను. "మార్కులు వాళ్లే వేసుకుంటే అందరికీ పదికి పదే వస్తాయి" అన్నారు పైవాళ్లు. వాళ్ల ఫారాల్లో ఇప్పుడు వస్తున్నది పదికి పది కాక ఏమిటో నాకు అర్థం కాలేదు.

ఊరంతటి ముందు లెక్క చదివే పద్ధతి ఉపాధి హామీ చట్టంతో బలపడింది. 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ పెద్ద ఎత్తున సాగింది. ఆహార భద్రత చట్టంలోనూ దానికి చోటుంది. బియ్యం, గుడ్లు, కూలి డబ్బుల విషయంలో ఇంతకంటే మంచి తనిఖీ లేదనుకుంటాను. కానీ ఎవరి బిడ్డ తూకం తక్కువుంది, ఎవరి బిడ్డ పోయింది అన్నవి గ్రామసభలో చదివేవి కావు. ఒకసారి ఎవరో అత్యుత్సాహంతో చదివారు. ఆ తల్లి మధ్యలోనే లేచి వెళ్లిపోయింది.

ఇక ఆ నీలం పెన్ను టిక్కుల దగ్గరికి వస్తే, ఆ ఆశా ఎందుకలా రాసింది? ఆరు నిండితేనే 250. అప్పట్లో దానికి బిడ్డ బరువు, జనన నమోదు, టీకాలు, 42వ రోజు వరకు తల్లీబిడ్డల క్షేమం, ఇవన్నీ షరతులు. వాన కాలంలో వాగు నిండితే కొన్ని సందర్శనలు పోతాయి. నిజం రాస్తే డబ్బు పోవడమే కాదు, మీటింగులో నిలబెట్టి అడుగుతారు. అబద్ధం రాస్తే ఏమీ కాదు. ఆ ఫారం నిజాయితీకి జరిమానా వేస్తోంది. ఆమె స్థానంలో నేనుంటే ఆరింటికీ టిక్కు పెట్టి, పెన్ను మాత్రం మార్చి ఉండేదాన్నేమో.

మా గట్ ప్రవర్తక్‌తో మాట్లాడి, పైవాళ్లను అడక్కుండా, ఒక చిన్న మార్పు చేయించాను. టిక్కు పక్కన ఖాళీ గడి ఒకటి గీయించి, పోలేకపోతే ఎందుకో రాయమన్నాం. ఆలస్యంగా పోతే ఏ రోజు పోయారో రాయమన్నాం. డబ్బు ఆపబోమని ప్రవర్తక్ మాటిచ్చింది, ఆ మాట ఎలా నిలబెట్టుకుందో నేను అడగలేదు. రెండు నెలల్లో మా పరిధిలో 'పూర్తయిన సందర్శనలు' ఒక్కసారిగా పడిపోయాయి. జిల్లా సమీక్షలో ఎర్రరంగు పడింది. పనితీరు ఎందుకు దిగజారిందో మూడు రోజుల్లో రాతపూర్వకంగా చెప్పమని ఉత్తరం వచ్చింది.

జవాబుకు జతచేయడానికి ఫారాలు తిరగేస్తుంటే అదే ఆశా ఫారం మళ్లీ దొరికింది, వేరే బిడ్డది. 14వ రోజు గడిలో టిక్కు లేదు. పక్కన పెన్సిల్‌తో, తెలుగులో: "వాగు. 16 నాడు పోయిన. పిల్ల పాలు తాగుతలేదు. ఊపిరి 66. సిరోంచ దవాఖానకు తోలిన."